మైనం మీద గాట్లు

ఆ ఉదయం ఇంట్లో ఉన్నది ముగ్గురు. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు. అద్దం ముందు తన జడ తనే వేసుకుంటున్న కూతురు. వంటగదిలో, వేడినీళ్ల గిన్నెలో రెండు చేతులూ ముంచి నిలబడ్డ ఆమె. భర్త అప్పటికే డ్యూటీకి వెళ్లిపోయాడు.

నీళ్లలో వేళ్లు ఒక్కొక్కటే విడివడేసరికి పావుగంట పట్టింది. పిడికిలి బిగించి చూసుకుంది. ఫరవాలేదు. చీర కొంగున ముడివేసిన నొప్పి మాత్ర తీసి నోట్లో వేసుకుంది.

"స్కానింగుకి మూడు రోజుల ముందు నుంచే అది ఆపమన్నారు కదమ్మా" గుమ్మంలోంచి మెల్లగా అంది కూతురు.

"డాక్టరు మాట నువ్వూ విన్నావూ? నీవి పాము చెవులే."

"వేసుకుంటే కీళ్ల వాపు కనపడదట. దాక్కుంటుందట."

"దాక్కోనీ. నాక్కావలసిందీ అదే."

అత్తగారు తల తిప్పకుండానే అంది. "మీ గుసగుసలయ్యాక నా మొహాన కాస్త టీ పోస్తారా, నా మోకాళ్లకీ ఫొటోలు తీయించుకుని రమ్మంటారా?"

ఆమె నవ్వలేదు. టీ గిన్నెను రెండు అరచేతుల మధ్య పట్టుకుని దించింది.

పద్దెనిమిదేళ్లుగా ఆమె ఒక ప్రెస్సులో రిజిస్టర్లు కుడుతోంది. దారాన్ని మైనం ముద్ద మీద లాగాలి, సూదికి ఎక్కించాలి, మడిచిన కాగితాల వెన్నులోంచి తీసి బిగించాలి. ఆ బిగింపే పని. కిందటి నెల ఆమె కుట్టినవి పన్నెండు రిజిస్టర్లు కుట్లు వదులై తిరిగొచ్చాయి. చేతులు బాగున్నాయని ఇవాళ సాయంత్రానికి డాక్టరు కాగితం తేవాలనీ, లేకపోతే రేపు ఆ బల్ల దగ్గర వేరే మనిషి కూర్చుంటుందనీ మేస్త్రీ చెప్పేశాడు.

స్కానింగ్ గది చీకటిగా, చల్లగా ఉంది. డాక్టరమ్మ ఆమె వేళ్ల కణుపుల మీద జిగురులాంటిది పూసి, సబ్బుబిళ్లంత పరికరాన్ని నెమ్మదిగా జరపసాగింది. తెర మీద ఎముక తెల్లటి గీతలా కనిపించింది. కిందటేడు ఆ గీత పైన ఎర్రటి చుక్కలు నిప్పురవ్వల్లా మెరిశాయి. ఎరుపు ఉన్నచోట వాపు రగులుతున్నట్టని అప్పుడు ఈవిడే చెప్పింది. ఇవాళ రెండో మూడో ఉన్నాయి, అంతే. ఆమె ఊపిరి పీల్చుకుంది.

"నొప్పి మాత్రలు ఆపేశారా?"

"ఆపేశాను మేడం."

పరికరం చూపుడువేలి మీద ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ అక్కడికే వచ్చింది. డాక్టరమ్మ తెరను ఆమె వైపు తిప్పింది.

"ఇది మీ వేలే, కిందటేడు. ఇది ఇవాళ."

పాత గీత నున్నగా ఉంది. కొత్త గీతకు ఒకచోట గాటు పడింది.

"వాపు ఎముకను తినేసింది చూశారా? ఇంత తిన్నది ఇప్పుడు ఊరుకుందంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. ఎరుపు పెద్దగా లేదని రాస్తే పెద్ద డాక్టరుగారు పాత మందే వాడమంటారు. అందుకే అడుగుతున్నానమ్మా."

ఆమె ఆ గాటునే చూస్తూ ఉండిపోయింది. అలాంటి గాట్లు ఆమెకు కొత్త కాదు. దారం ఒక్కసారి లాగితే మైనం మీద ఏమీ కనపడదు. రోజూ అక్కడే లాగుతుంటే ఎప్పటికో పడుతుంది. పడ్డాక ఇంక పూడదు.

"ఆపలేదు మేడం" అంది. "పొద్దున కూడా వేసుకున్నాను."

డాక్టరమ్మ కోప్పడలేదు. వేళ్ల మీది జిగురు తనే తుడిచింది. "మందు మార్చాల్సి రావచ్చు. వారం ఆపి మళ్లీ రండి. అప్పుడు చూసిందే లెక్క."

"మరి ఇవాళ కాగితం?"

"బాగున్నాయని ఎలా రాయను, మీరే చెప్పండి."

ఆమె ప్రెస్సుకు చేరేసరికి సాయంత్రమైంది. మేస్త్రీ గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"తెచ్చావా చెల్లెమ్మా?"

"వారం ఆగాలట అన్నా."

"ఈ వారం కుట్టగలవా?"

ఉదయం వేసుకున్న మాత్ర బలం అప్పటికే దిగిపోయింది. చెయ్యి పైకెత్తి పిడికిలి బిగించబోయింది. వేళ్లు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. మేస్త్రీ చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"లేదన్నా" అందామె.

"ఇంటికెళ్లి చేతులు చూసుకో" అని మేస్త్రీ మెల్లగా, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

తలుపు అద్దంలోంచి ఆమె బల్ల కనిపిస్తోంది. దాని మీద మైనం ముద్ద ఉంది, ఒక పక్క ఆమె బొటనవేలు నొక్కిన గుంటతో, రెండో పక్క దారం కోసిన గాట్లతో.