ఇల్లాలు పొడుగవుతోంది

ఫొటోగ్రాఫరు గారికి తన కంటి మీద ఉన్నంత నమ్మకం తన నీడ మీద కూడా ఉండేది కాదు. స్కూలు పిల్లలైనా, ఆఫీసు సిబ్బంది అయినా, గుంపును ఒక్క చూపు చూసి, "మీరు వెనక్కి, నువ్వు ముందుకి, ఆ గళ్ల చొక్కా! పక్కాయన్ని మింగేస్తున్నావు, ఓ మెట్టు దిగు," అని వరస పేర్చేసేవారు. ఎవరు ఎవరికన్నా వేలెడు పొడుగో చెప్పడానికి ఆయనకి టేపు అక్కర్లేదు. డెబ్బై దాటినా ఆ కన్ను చెక్కుచెదరలేదు. చెదిరిందల్లా కుడి మోకాలు. దాన్ని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. "కాలితో ఫొటోలు తీస్తానా ఏంటి?" అనేవారు.

ఓ మధ్యాహ్నం ఇల్లాలు క్యారియరు పట్టుకుని స్టూడియోకి వచ్చి, "ఏమండీ, లైబ్రరీ కార్డుకి ఫొటో కావాలి, తీసి పెట్టండి," అంది. స్టూలు మీద కూర్చోబెట్టి కెమెరాలోకి చూశారు. గడ్డం ఉంది, ముక్కు ఉంది, నుదురు లేదు.

"కాస్త కిందికి జరుగు."

"కూర్చునే ఉన్నాను కదండీ. ఇంకెక్కడికి జరగను? నేలలోకా?"

స్టూలు పాతదే. స్టాండు పాతదే. ఆవిడా పాతదే. స్టాండుని నాలుగు తిట్టి, కెమెరా పైకెత్తి ఫొటో తీసేశారు కానీ, మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంది.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో ఇద్దరూ ఎదురుపడ్డారు. పెళ్లైన నాటి నుంచీ ఆయన ఆవిడ పాపిటతోనే మాట్లాడేవారు. ఆవిడ పొట్టి, ఆయన పొడుగు, మాటలన్నీ నెత్తి మీద పడేవి. ఇప్పుడు పాపిట ఉండాల్సిన చోట రెండు కళ్లున్నాయి. అవి తిన్నగా ఆయన కళ్లలోకే చూస్తున్నాయి.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు? తప్పుకోండి, పాలు పొంగుతున్నాయి."

మొదట చెప్పుల మీద అనుమానం వచ్చింది. తిరగేసి చూస్తే అట్టముక్కల్లా చదునుగా ఉన్నాయి. తర్వాత కొప్పు మీద అనుమానం వచ్చింది. అదీ ఎప్పటిలాగే మెడ మీదే పడుంది. ఇక లాభం లేదని, మర్నాడు మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే టేపు పట్టుకుని, పిల్లిలా వెళ్లి, కాలి బొటనవేలి దగ్గర ఒక కొస పెట్టారు. రెండో కొస నెత్తి దాకా లాగేసరికి ఆవిడ కళ్లు తెరిచింది.

"నన్నేమైనా పరుపు అనుకున్నారా? గలీబు కుట్టిస్తారా?"

ఆయన ఇక దాచలేకపోయారు. మంచం అంచున కూలబడి, "ఏమోయ్, నీకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. కంగారు పడకు. నువ్వు పెరుగుతున్నావు," అన్నారు.

ఆవిడ ఆయన వంక కాసేపు చూసింది. పెదవి చివర ఏదో కదిలింది కానీ ఆయన గమనించలేదు.

"అవునాండీ? అదేనేమో. ఈ మధ్య ఆకలి కూడా బాగా వేస్తోంది."

ఆ రోజు నుంచీ ఆవిడ ప్రతి ముద్దా కంట కనిపెట్టడం మొదలుపెట్టారు. ఆవిడ రెండోసారి అన్నం పెట్టుకుంటే, "వద్దులేవోయ్, ఇప్పటికే చాలు," అని గిన్నె లాక్కున్నారు. ఆవిడ తాగే పాలగ్లాసు తాను తాగేశారు. ఆవిడ పెరగడం ఆగలేదు సరికదా, ఆయనకి కడుపుబ్బరం పట్టుకుంది. ఇలాగే వదిలేస్తే పై గదిలోకి మెట్లెక్కకుండానే తొంగిచూస్తుందేమోనని భయపడి, "డాక్టరు దగ్గరికి పద," అన్నారు.

"పెద్ద డాక్టరెందుకు? వెనకవీధిలో ఫిజియోథెరపీ అమ్మాయి ఉంది, బాగా చూస్తుందట," అంది ఇల్లాలు, అమాయకంగా.

ఆ గదిలో రెండు బల్లలు, పెద్ద రబ్బరు బంతి, గోడకి నిలువుటద్దం ఉన్నాయి. ఫొటోగ్రాఫరు గారు లోపలికి వెళ్లీ వెళ్లగానే, "అమ్మా, మా ఆవిడ పెరుగుతోంది," అన్నారు.

"మంచిదే కదా అంకుల్."

"ఏం మంచిదమ్మా! ఎక్కడో ఒకచోట ఆగాలి కదా!"

ఆ అమ్మాయికి ఉన్నట్టుండి దగ్గు వచ్చి అటు తిరిగింది. చాలాసేపు దగ్గింది. తర్వాత ఇటు తిరిగి, "ముందు మీరు ఈ గోడకి ఆనుకుని నించోండి," అంది.

"నేనెందుకు? పెరిగేది ఆవిడైతేనూ!"

"ఆంటీ ఎంత పెరిగారో పక్కన పెట్టి చూడాలి కదా."

పక్కన పెట్టి చూడటమంటే ఆయన వృత్తే. సరేనని నించున్నారు. మడమలు గోడకి ఆనాయి. తల ఆనలేదు. తల వెనక్కి నెడితే మోకాళ్లు ముందుకు వచ్చాయి. మోకాళ్లు వెనక్కి నెడదామంటే కుడిది సగం దాకా వచ్చి మొండికేసింది.

"ఈ గోడ వంకరగా ఉందమ్మా."

"అటువైపు ఇంకో గోడుంది అంకుల్. దాని దగ్గర చూద్దాం."

అదీ వంకరే. ఈ బిల్డింగు కట్టిన మేస్త్రీ ఎవడో కానీ వాడికి గోడ నిటారుగా లేపడం తెలియదని తేల్చేశారు ఆయన. ఆ అమ్మాయి వాదించకుండా ఫోను తీసి, పక్కనుంచి ఒక ఫొటో తీసి ఆయన చేతికిచ్చింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని పరీక్షగా చూశారు. "వెలుతురు ఫరవాలేదు. తల మీద ఖాళీ ఎక్కువ వదిలావు. అదలా ఉంచు, తీసేముందు ఈ పెద్దాయన్ని కాస్త నిటారుగా నించోమని చెప్పాల్సిందమ్మా. మరీ కొడవలిలా వంగిపోయాడు, పాపం."

ఇల్లాలు మెల్లగా, "ఆ చొక్కా పొద్దున నేనే ఇస్త్రీ చేశానండీ," అంది.

ఆయన తన చొక్కా చూసుకున్నారు. ఫొటో చూశారు. మళ్లీ చొక్కా చూసుకున్నారు.

"మీ కుడి మోకాలు పూర్తిగా చాపుకోవట్లేదు అంకుల్," అంది అమ్మాయి, నవ్వు ఎక్కడో దాచేసి. "కాలు వంగే ఉంటే, మనిషి తూలి పడకుండా నడుం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. మీది ముందుకి వంగింది. నడుం వంగితే చూపు నేలకి పోతుంది కదా, అందుకని తల ఎత్తుకుని మెడ ముందుకి సాచారు. కొందరికి ఇది తిరగేసి వస్తుంది. ముందు నడుం వంగుతుంది, ఆ బరువు ఆపడానికి మోకాళ్లు వంగుతాయి. ఆంటీకి అలాగే మొదలైంది."

"ఆంటీకా? ఆవిడ నీకు ముందే తెలుసా?"

"రోజూ వస్తారుగా!"

ఇల్లాలు పైకప్పు చూస్తూ నిలబడింది.

"అంటే... ఆవిడ పెరగలేదు?"

"వంగిన నడుం లేచిందంతే. మీరే తగ్గారు."

ఇంటికి వస్తున్నంతసేపూ ఆయన మూతి ముడుచుకునే ఉన్నారు. వీధి మలుపులో ఆగి, "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?" అన్నారు.

"చెప్పాను. మోకాళ్లు లాగుతున్నాయి, కసరత్తు నేర్చుకుంటానంటే, 'ఈ వయసులో కుస్తీ పోటీలకి వెళ్తావా?' అని మీరే నవ్వారు."

నిజమే, అప్పుడు అలాగే అన్నారు. పైగా ఆ జోకు బాగా పేలిందనుకుని స్టూడియోకి వచ్చినవాళ్లందరికీ చెప్పారు కూడా. ఇప్పుడు గుర్తొస్తే చెవులు వేడెక్కాయి. నాలుగడుగులు వేసి, "నేను నిజంగా అలాగే కనిపిస్తానా?" అని అడిగారు.

"ఎదురుగా చూస్తే బాగానే ఉంటారు," అంది ఆవిడ, ఆయన చెయ్యి పట్టుకుని. "నేనెప్పుడూ ఎదురుగానే చూస్తాను."

మర్నాటి నుంచీ కసరత్తు మొదలైంది. మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, మోకాలిని కిందికి నొక్కి పట్టి ఉంచాలి. స్టూడియోలో బల్ల ఖాళీ లేక, నీలం తెర ముందు నేల మీదే పడుకుని చేసేవారు. ఒకరోజు పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చిన ఒకావిడ, కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టి కాలు చాపుకుని పడున్న ఆయన్ని చూసి, "అయ్యో, ఫొటోగ్రాఫరు గారు పోయారర్రా!" అని కేకేసి, పక్క కొట్లోంచి బిందెడు నీళ్లు తెచ్చి మొహాన కుమ్మరించింది. ఆయన తడిసిన కోడిలా లేచి కూర్చుని, "గడ్డం పైకెత్తమ్మా," అని ఆవిడ ఫొటో తీసి పంపించారు. ఆ ఫొటోలో ఆవిడ కళ్లు గుమ్మడికాయలంత ఉన్నాయని ఆఫీసువాళ్లు తిప్పి పంపారట.

ఎండలు ముదిరేసరికి కుడికాలు కొంత దారికి వచ్చింది. పూర్తిగా చాపుకోదని ఫిజియోథెరపీ అమ్మాయి ముందే చెప్పింది. చాపుకున్నంతలో నడుం లేచింది, నడుం లేచినంతలో మెడ వెనక్కి వచ్చింది. ఇవేవీ ఆయనకి నమ్మకం కుదర్చలేదు. ఒకరోజు కెమెరా ఫిల్టరు మార్చబోతూ చరచరా నడిచి వెళ్తుంటే, ఎన్నో ఏళ్లుగా తలకి తగలకుండా పైన వేలాడుతున్న స్టూడియో దీపం ఠపీమని నుదుటికి కొట్టుకుంది.

క్యారియరు తెచ్చిన ఇల్లాలు పరుగున వచ్చేసరికి, ఆయన ఉసిరికాయంత బొప్పిని తడుముకుంటూ, చెవుల దాకా నవ్వుతున్నారు.

"చూశావా? తగిలింది!"

"ఉండండి, ఐసు తెస్తాను. ఆ దీపం కాస్త పైకి కట్టించండి."

"ముట్టుకుంటే ఊరుకోను," అన్నారు ఫొటోగ్రాఫరు గారు, బొప్పి అద్దంలో చూసుకుంటూ. "రేపు ఇంకోసారి కొట్టుకోవాలి."