సవరమ్మ వేసవి మొహం

ఏటా మామిడి కోతల రోజుల్లో సవరమ్మకి తల్లి మొహం వచ్చేది. తల్లి నాగేంద్రమ్మ పోయి పదకొండేళ్ళయింది. ఏప్రిల్‌లో ఒక పొద్దున సవరమ్మ లేచేసరికి ఆ గుండ్రటి బుగ్గలు, గడ్డం మీద పచ్చబొట్టు వచ్చేసేవి. వానలు మొదలవగానే పోయేవి. వాళ్ళ ఊరు చాట్రాయిలో అందరికీ తెలిసిందే. తండ్రి బుచ్చయ్య ఆ రెండు నెలలూ కడుపునిండా తినేవాడు.

ఆ ఏడు మేలో ఒక రోజు సవరమ్మ ఆ మొహంతోనే టౌన్లోని మామిడి గోడౌన్లో కాయలు ఏరడానికి ఏడింటి బస్సెక్కింది. టౌన్లో దిగగానే, కొత్తగా పెట్టిన పోలీసు రోబో చక్రాల మీద ఆమె వెనకే వచ్చింది. ఆమె ఆగితే అదీ ఆగింది. ఎర్రలైటు వెలిగింది. పక్కనున్నవాళ్ళు దూరం జరిగారు.

స్టేషన్లో ఎస్సై రవిచంద్ర స్క్రీను ఆమె వైపు తిప్పాడు. నగల షాపులో గొలుసులు కాజేసిన ఆడమనిషి. బుగ్గలు అవే.

"తొంభై ఒక్క శాతం కలిసింది. నీతో ఇంకెవరున్నారు?"

"అది మా అమ్మ మొహమండీ. నాది కాదు."

"నిజమేనండి," అన్నాడు చాట్రాయివాడే అయిన హెడ్ కానిస్టేబుల్ హనుమయ్య. "ఎండాకాలం వస్తది, వానలకి పోతది."

"అవ్వచ్చు," అన్నాడు ఎస్సై. "అది రాయడానికి ఇందులో గడి లేదు. రూలు ప్రకారం నాలుగింటికి మళ్ళీ ఫొటో తీయాలి. అప్పుడూ కలిస్తే రిమాండే."

సవరమ్మ బెంచీ మీద కూర్చుంది. కాస్త కదిలినా పైనున్న కెమెరా తనవైపు తిరుగుతోంది. మూడున్నరకి మొహం కొంగులో దాచుకుని, పదకొండేళ్ళలో ఎప్పుడూ అనని మాట అంది.

"అమ్మా, వెళ్ళిపో. నీ కాళ్ళు పట్టుకుంటా, వెళ్ళిపో."

చేతుల కింద బుగ్గలు లోపలికి పోయాయి.

నాలుగింటికి ఫొటో కలవలేదు. "వెళ్ళండమ్మా," అన్నాడు ఎస్సై.

హనుమయ్య ఫోను చేస్తే వచ్చిన బుచ్చయ్య గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కూతురి మొహం చాలాసేపు చూశాడు.

"ఇంకా వాన పడలేదుగా," అన్నాడు.

"నేనే పొమ్మన్నాను నాన్నా. భయమేసింది."

"పోతూ మీ అమ్మ ఏమన్నా అందా?"

"లేదు."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా నడిచాడు.

మరుసటి ఏడు ఏప్రిల్ గడిచింది, మే గడిచింది. ఆ మొహం రాలేదు. రోజూ పొద్దున్నే రోబో దగ్గరికొచ్చి సవరమ్మని పైనించి కిందకి చూసి, దారిస్తుంది. అది చూసినంతసేపూ ఆమె ఊపిరి బిగపట్టుకునే ఉంటుంది.