లెక్కకు అందని ఆవు

తెల్లాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుండే ముప్పై అంతస్తుల ఇళ్ల వెనక, ప్రహరీగోడకు ఆనుకుని సక్కుబాయి కొట్టం ఉంది. మనం తాగే పాలు ఎక్కడి నుంచి వస్తున్నాయో మనలో చాలామందికి తెలియదు. ఆ పాలు పిండే మనుషుల భయాలు అసలే తెలియవు.

ఆ రోజు పొద్దున పాలు పిండుతుంటే గంగ అనే ఎర్రావు మెడ మీద ఆమె చేతికి నాలుగు గడ్డలు తగిలాయి. ఒంటి మీద గడ్డలు లేచి, పశువు నుంచి పశువుకు అంటుకునే ముద్దచర్మం జబ్బు (లంపీ స్కిన్) ఊళ్లలో తిరుగుతోందనీ, పశువుల దవాఖాన నుంచి ఉదయశ్రీ అనే అమ్మాయి ప్రతి కొట్టానికీ వచ్చి, చెవి బిళ్లల నంబర్లు రాసుకుని, పశువుల ఒళ్లు తడిమి చూస్తోందనీ సక్కుబాయి విన్నది. గడ్డలుంటే వేరు చేస్తారట. అంటే తోలుకుపోతారనే ఆమె అనుకుంది. ఆ మాట ఆమెను నిలవనీయలేదు. పొలం పోయిన ఏడాది సంత లారీ ఎక్కిన తన తొమ్మిది పశువులు వెనక్కి తిరిగి చూసిన చూపు ఆమెకింకా కళ్లలోనే ఉంది.

మధ్యాహ్నమే గంగ మీద గోనెపట్టా కప్పి, నల్లగండ్లలో తమ్ముడు రాజయ్య కొట్టానికి తోలుకుపోయింది. గడ్డి అయిపోయింది, కొన్నాళ్లు ఉంచుకొమ్మంది. గడ్డలు చూసి అతడు అడిగితే, ఈగలు కుట్టాయని చెప్పింది.

మరునాడు ఉదయశ్రీ వచ్చింది. కొట్టంలో నాలుగే కనబడి, పాత లెక్కలో ఐదున్నాయే అని అడిగితే, ఒకటి అమ్మేసిన బిడ్డా అంది సక్కుబాయి. ఇక్కడ జబ్బు లేదని ఉదయశ్రీ రాసుకోవడంతో టీకాలు ముందు వేరే ఊళ్లకు పోయాయి.

అప్పటి నుంచి సక్కుబాయి ఒక్కచోట కూర్చోలేదు. గిన్నె తోమబోయి లేచేది, గోడదాకా పోయి వచ్చేది. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి గంగ మేసిందా అని అడిగేది. నా బాగోగులు ఒక్కనాడన్న అడిగినవా అక్కా అని రాజయ్య ఎగతాళి చేసేవాడు.

పదమూడో రోజు ఫోన్ అతడే చేశాడు. తన రెండావులు మేత ముట్టడం లేదు, లేగదూడ ఒళ్లంతా గడ్డలు. ఆమె పోయేసరికి దూడ ప్రాణం పోయింది. తల్లి దాన్ని నాకుతూనే ఉంది.

రాజయ్య పిలిస్తే అక్కడికి వచ్చి ఉన్న ఉదయశ్రీ గంగ చెవి బిళ్ల నంబరును పాత లెక్కలో చూసుకుని, సక్కుబాయి వైపు చూసింది. కోప్పడలేదు.

"వేరు చేసుడంటే తోలుకపోవుడు కాదవ్వా. నీ కొట్టం పక్కనే ఇంకో మూలకు కట్టి, దోమతెర వేసి నెల రోజులు మందులిస్తం. గంతే. నువ్వు చెప్పుంటే ఈ చుట్టుపక్కల పశువులన్నిటికీ అప్పుడే టీకాలు పడేవి."

"వాళ్లకు చెప్పకుంటే పాయె. నాకన్న చెప్పకపోతివి అక్కా," అన్నాడు రాజయ్య.

గంగను ఏ తొవ్వన తెచ్చావు, ఎక్కడ ఆపావు అని ఉదయశ్రీ అడిగింది. ఎండకు తాళలేక దారిలో సాయిలు అనే రైతు కొట్టం దగ్గర ఆపి, అతని తొట్టిలో నీళ్లు తాపానని చెప్పింది సక్కుబాయి. సాయిలుకు పదకొండు ఆవులు. నేను పోయి చెప్తానని ఉదయశ్రీ అంటే ఆమె ఒప్పుకోలేదు. తానే ముందు నడిచింది.

"సాయిలూ, నా ఆవుకు రోగముండె. దాచిన. నీ తొట్టిల నీళ్లు తాపిన. తిట్టేది తర్వాత తిట్టు, ముందుగాల నీ పశువులను చూడనియ్యి."

సాయిలు గేటు తీశాడు.

పశువును ప్రేమించేవాళ్లు దాని జబ్బును దాచకూడదు. మనం నోరు విప్పని ప్రతి రోజూ ఆ జబ్బు ఇంకొకరి కొట్టం దాకా నడిచిపోతుంది.