దేవరాజు వంట వంతు

శుక్రవారం పొద్దున, పరాయి దేశపు ఎడారిలో, సజ్జా కూలీల క్యాంపులో రెండొందల మంది చూస్తుండగానే, బాసు దేవరాజు పెట్టెను ఇసుకలోకి విసిరేశాడు. ఇరవై ఏళ్ల దేవరాజు నీళ్ల ట్యాంకు పక్కన పడి ఉన్నాడు. ఇనుప పైపు దెబ్బలకు భుజం వాచిపోయింది. పక్క క్యాంపులోని ఒక మగవాణ్ణి ప్రేమించాడట, అదీ అతని నేరం!

వీణ్ణి గదిలోకి రానిచ్చినవాడి వీసా ఖలాస్, మధ్యాహ్నం పోలీసులొస్తారని హిందీలో అరిచి బాసు గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

తలుపులు మూసుకున్నాయి. మొదట మూసింది దేవరాజు పక్క మంచంవాడు భీమయ్యే. సిగ్గుతో తల వాలిపోయింది గానీ, భయం సిగ్గును మించిపోయింది.

పదయ్యేసరికి ఆకలి మొదలైంది. "ఇయ్యాల వంతెవలిది?" అన్నాడు గదిలో పెద్దవాడు వెంకట్రాములు.

ఆ క్యాంపులో ఎవరి వంతు వాళ్లే వండాలి. జ్వరమొచ్చినా సరే, ఇంకొకరు స్టవ్ ముట్టించకూడదు.

"దేవరాజుది," గొణిగాడు భీమయ్య.

"మరి వాడే వండాలె. లేకుంటే తినేది లేదు," అన్నాడు వెంకట్రాములు.

"మనల్ని గూడ పంపిస్తరే! వాడు జేసింది తప్పు గాదా?"

"పైపుతోని కొట్టినోడిది తప్పు గాదు, మనసువడ్డోడిది తప్పా? మనం తలుపులేస్తమని తెల్సే కొట్టిండు వాడు."

ఆ మాట భీమయ్య చెంప పగలగొట్టినట్టయింది. లేచి తలుపు తీశాడు.

"దేవరాజూ, లే. బియ్యం కడుగు."

"వద్దన్నా. నా మూలంగా మిమ్మల్నందర్నీ పంపించేస్తాడు."

"వంతు నీది. లే!" భీమయ్య అతన్ని లేపి గదిలోకి తీసుకెళ్తే, వాచిన భుజంతో మెల్లగా బియ్యం కడగడం మొదలెట్టాడు దేవరాజు.

పక్క గదిలోంచి కడప హయాత్ బాషా తల బయట పెట్టాడు. "మేము గూడా పొయ్యి ముట్టీలేదప్పా! ఆ పిల్లోడు తిన్నాకే మేము!" ఆ కేక గది గదికీ పాకింది. తలుపులు తెరుచుకున్నాయి. కొందరు తిట్టుకుంటూనే వచ్చారు, కానీ వచ్చారు.

మధ్యాహ్నం జీపు వచ్చింది. పోలీసులతో కలిసి బాసు గది ముందుకొచ్చాడు. వాకిట్లో భీమయ్య ఒక్కడే అడ్డంగా నిలబడ్డాడు. ఊళ్లో తన సంపాదన మీదే బతికే తల్లి బాలవ్వ తలపుకొచ్చి ఏడుపొచ్చింది.

"వంట కాలేదు, సాబ్. వాడు వండాలె, మేం తినాలె. అప్పటిదాంక వాడు కదలడు."

బాసు చెయ్యెత్తాడు. భీమయ్య పక్కకు జరగలేదు, కళ్లు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ పడేలోపే అతని చుట్టూ రెండొందల మంది ఇసుకలో చతికిలబడిన చప్పుడు వినిపించింది.