పేరు లేని దెబ్బ

ఆ బ్యాండు పేరు ‘ఎటుపోతే అటు’. ఎటు పోతుందో ముందే తెలిసుంటే పెట్టినోడు ఇంకో పేరు చూసుకునేవాడు.

ముగ్గురు. వైజాగ్ నుంచి కారులో వచ్చే ఎజ్రా గిటారు వాయిస్తూ పాడతాడు. ఫ్లోరెన్స్ బేసు గిటారు, నోరు విప్పదు. డ్రమ్స్ మా అరకు కొండ మీది గుంటడు ఫల్గుణ. నాలుగోవాణ్ణి నేను, కానీ నన్నెవడూ లెక్కలో వేసుకోడు. సౌండు బాక్సులు నావి, మైకులు నావి, మిక్సర్ నాది. ఏడో తరగతిలో బడి మానేసి చర్చి మైకుసెట్టుకి వైర్లు అతికించడంతో మొదలెట్టాను. ఇప్పటికీ అదే పని. వైర్లే మారాయి.

వీళ్ళకి పాటంటే పాట కాదు. పల్లవి ఒకటి రెండుసార్లు పాడి వదిలేస్తారు. అక్కణ్ణించి ఎవడు ఎటు లాగితే మిగతావాళ్ళు అటు. కొండదారిలో బ్రేకుల్లేని జీపులా ఉంటుంది వ్యవహారం. ఒకరోజు వాయించింది ఇంకోరోజు ఉండదు గనక వాయించిన ప్రతిసారీ నేను రికార్డు చెయ్యాలి. వాటిని పోగేసుకునే జనం వేరే ఉన్నారు. అనంతగిరిలోది గొప్పదా, చింతపల్లిలోది గొప్పదా అని ఫోన్లలో కొట్టుకు చస్తారు. ఆ రికార్డింగుల కింద ముగ్గురి పేర్లూ ఉంటాయి. ఫోటో తీసినవాడి పేరూ ఉంటుంది. నాది ఉండదు. ఓసారి సిగ్గు విడిచి అడిగాను.

“యేసురత్నం అని వేస్తే భక్తి పాటలనుకుంటారంకుల్” అని పడీ పడీ నవ్వాడు ఎజ్రా.

సరే. అసలు సంగతి చెబుతాను.

పోయిన చలికాలం ఓ కాఫీ తోటలో ప్రోగ్రాం. మధ్యాహ్నమే అయినా మంచు కిందికి దిగి సిల్వర్ ఓక్ చెట్ల మొదళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఫల్గుణ తన డ్రమ్స్ పక్కనే వాళ్ళ నాన్న వాయించిన తోలువాద్యం, తుడుం కూడా పెట్టుకుంటాడు. జనానికి అది ముచ్చట. ఆవేళ ఎజ్రా గిటారు మీద ఎటో పోయాడు, ఫ్లోరెన్స్ వాడి వెనకాల పోయింది, ఫల్గుణ కళ్ళు మూసుకుని తుడుం మీదికి మళ్ళాడు. కాసేపటికి ఆ దెబ్బ నాకు తెలిసిన దెబ్బయింది.

వాళ్ళ నాన్న పోయినప్పుడు విన్నాను. సాగనంపు దెబ్బ అంటారు వాళ్ళ ఊళ్ళో. పోయినవాడి గుమ్మం దగ్గర మొదలెడితే వల్లకాటి దాకా ఆపకూడదు. చివర్న పోయినవాడి పేరు ఒక్కసారి గట్టిగా పిలుస్తారు. అక్కడితో దెబ్బ ఆగుతుంది, దారి మూసుకుంటుంది. మర్నాడు గుమ్మం బయట ఆకుడొప్పలో సోడి అంబలి, అదే రాగి జావ, పెడతారు. డొప్ప ఖాళీ అయితే తాగి వెళ్ళిపోయాడని లెక్క. ఆ పేరు మళ్ళీ పలకరు.

నేను బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి, ఇవన్నీ నాకు పట్టవు. కానీ చేతి మీది వెంట్రుకలకి బాప్తిస్మం ఉండదు కదా. అవి లేచి నిలబడ్డాయి.

సగంలో ఫల్గుణ కళ్ళు తెరిచాడు. చేతులు గాల్లో ఆగిపోయాయి. జనంలోంచి ఈలలు, కేకలు. గుంటడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

“మావా, అది తుడిసీ. బేగి తుడిసీ.”

“ఏటైందిరా?”

“సావు నేకుండా మొదలెట్టీసినాను. పేరు నేకుండా ఆపీసినాను.”

నేను మీట మీద చెయ్యి వేసేలోపే ఎజ్రా వచ్చి కాపీ తీసుకున్నాడు. “ఇంత మంచి జామ్ మనం ఎప్పుడూ వాయించలేదురా పిచ్చోడా!” అని వాణ్ణి కౌగిలించుకున్నాడు. ఆ సాయంత్రానికే అది ఫోన్లలోకి ఎక్కింది.

అప్పట్నించీ గుంటడి చేతులు నిలవడం మానేశాయి. అన్నం తింటుంటే ఎడమచెయ్యి పళ్ళెం అంచు మీద. జీపులో ముందు సీటు మీద. మాట్లాడుతుంటే సొంత తొడ మీద. అదే దెబ్బ, ఆగిన చోటిదాకా వచ్చి మళ్ళీ మొదలు. గుడ్డతో కట్టేసుకున్నాడు ఓరోజు. గుడ్డలోంచే వేళ్ళు ఆడుతున్నాయి.

ఎజ్రాకి ఇదీ ముచ్చటే. “ప్రాక్టీసంటే అది” అన్నాడు. రెండో సగం ఎప్పుడని జనం అడుగుతున్నారట. అరకులో పెద్ద ప్రోగ్రాం పెట్టి అక్కడ పూర్తి చేయిస్తానని చాటింపు వేశాడు.

ప్రోగ్రాంకి ముందు ఈశ్వరమ్మ నా షాపుకొచ్చింది. ఫల్గుణ తల్లి. మిరియాల మూట జీపు మీదే వదిలేసి గుమ్మంలో నిలబడింది.

“యేసురత్నం బావూ, నా గుంటడి దెబ్బ నీ డబ్బాలో ఉందంట.”

“నా డబ్బాలోనే కాదప్పా, ఊరందరి ఫోన్లలోనూ ఉంది. ఇప్పుడు తుడిస్తే పోదు.”

“మా రోజుల్లో కొట్టిన దెబ్బ కొట్టినట్టే గాలికి పోయీది. మీరు దాన్ని పోనీకుండా పట్టీసినారు. ఎవుడో నొక్కినప్పుడల్లా అది మళ్ళీ గుమ్మం దగ్గిర మొదలవతాది. పేరు కోసం తిరుగుతాది.” గుమ్మానికి ఆనుకుంది. “నాకో మైకియ్యి.”

“పాడతావా ఏటి?”

“ఎటకారం ఆపు. గుంటడు రేపు సివరిదాకా కొట్టీస్తాడు, ఆడి సేతులు ఆగవు. దెబ్బ ఆగీసరికి నా పేరు సెప్పీస్తాను. డబ్బాలో దెబ్బకి డబ్బాలోనే సెప్పాల. ఆడికి తెలీనీకు.”

“నీకేటి పిచ్చా అప్పా? ఎవరైనా పోయినవాళ్ళ పేరు చెప్పొచ్చుగా?”

“పోయినోళ్ళు ఒకసారి పోయినారు. రెండోసారి ఎలా పోతారు? నీకు సదువు నేదు సరే, బుద్ధీ నేదేటి?”

మైకు ఇస్తానన్నాను. ఇచ్చాను కూడా. అయితే దాని మీట కిందికే ఉంచాలని లోపల అనుకున్నాను. మైకులో పడకపోతే పేరు పడదు, ఆవిడకి తెలియదు, దెబ్బ చివరిదాకా పూర్తయింది గనక గుంటడి చేతులు ఆగుతాయి. నా తెలివి అంతవరకే.

అరకు ప్రోగ్రాంకి జనం విరగబడి వచ్చారు. సాయంత్రపు ఎండ గాలికొండ మీంచి జారిపోతోంది. ఈశ్వరమ్మ స్టేజీ పక్కన మైకు రెండు చేతులా పట్టుకుని, కొత్త చీర కట్టుకుని నిలబడింది. వాయించడం మొదలవగానే ఎజ్రా, ఫ్లోరెన్స్ పక్కకి తప్పుకున్నారు. ఫల్గుణ ఒక్కడే. ఈసారి కళ్ళు మూసుకోలేదు. ఆగిపోయిన చోటు వచ్చింది, దాటింది. జనంలో చప్పట్లు కొట్టేవాళ్ళు కొట్టడం మానేశారు. చంటిపిల్ల ఒకటి ఏడుపు అందుకుంది. దెబ్బ మెల్లమెల్లగా నెమ్మదిస్తూ వల్లకాటికి దగ్గరవుతోందని నాకు తెలుస్తోంది. నా చూపంతా ఈశ్వరమ్మ పెదాల మీదా, నా వేలంతా ఆవిడ మీట మీదా ఉంది.

ఆఖరి దెబ్బ పడింది.

ఈశ్వరమ్మ నోరు తెరిచింది. అంతకంటే ముందు ఎజ్రా మైకు అందుకున్నాడు. ఏ బ్యాండువాడైనా చేసేదే చేశాడు. సోలో అయ్యాక వాయించినవాణ్ణి జనానికి పరిచయం చేస్తారు కదా. చెయ్యి చాచి, గొంతు చించుకుని అరిచాడు.

“ఫల్గుణా!”

నా బాక్సుల్లోంచి కొండదాకా పోయి తిరిగొచ్చింది ఆ పేరు. ఎజ్రా మీట నేను ముట్టుకోనే లేదు.

ఫల్గుణ కర్రలు కింద పెట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అవి కదల్లేదు. జనం ఊగిపోతున్నారు. ఈశ్వరమ్మ మైకుని తన నోటి దగ్గర్నుంచి తీసి, దాన్ని చూసి, నన్ను చూసింది.

తర్వాత గుంటడికి జ్వరం లేదు, నొప్పి లేదు. ఇంట్లోకి మాత్రం రాడు. అరుగు మీదే కూర్చుంటాడు. ఈశ్వరమ్మ ఫోను చేసి చెప్పింది, “సలిలో కూకున్నాడు బావూ. గుమ్మం దాటమంటే దాటడు. లోపల నాకేటి పని అంతన్నాడు. అన్నం ఒద్దంతన్నాడు.”

చూడ్డానికి వెళ్ళాను. మంచు వాడి జుట్టు మీద ముత్యాల్లా పేరుకుని ఉంది. తుడుచుకోడు. నన్ను చూసి, “దారి బాగుంది మావా” అన్నాడు. వాడి ముందు ఉన్నది వాకిటి దడి. దారేమీ లేదు.

వెనక్కొచ్చి షాపులో రికార్డింగు పెట్టుకుని కూర్చున్నాను. ఎజ్రా తొందర పెడుతున్నాడు, జనానికి వదలాలట. ఆ పేరు ఉంచి వదిలితే ఎవడు విన్నా వాడి పేరే పిలిచినట్టు. పేరు కోసేసి వదిలితే దెబ్బ మళ్ళీ పేరు లేకుండా తిరుగుతుంది, వాడి చేతులు మళ్ళీ మొదలు. పాస్టరుగారు వింటే నన్ను సంఘంలోంచి వెలివేస్తారు గానీ, పాస్టరుగారు ఆ అరుగు చూడలేదు. ఆ గుంటడికి పాతికేళ్ళు నిండలేదు. నాకేముంది? ఇంట్లో నాకోసం చూసేవాళ్ళు లేరు. ఈ కొండల్లో ఎన్ని పెళ్ళిళ్ళకి, ఎన్ని సభలకి ఎవరెవరి పేర్లో నా మైకులో మోగాయి. నా పేరు ఎవడూ అనలేదు.

ఎజ్రా కేక ఉన్న ముక్క తీసేశాను. మైకు దగ్గరికి లాక్కుని, ఆఖరి దెబ్బ తర్వాత ఆ ఖాళీలో నా పేరు చెప్పాను. గొంతు బాగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పలేదు. ఒక్కసారే.

అది ఫోన్లలోకి వెళ్ళాక ఎజ్రా మాట్లాడాడు. “ఏంటంకుల్ ఇది! పేరు కావాలంటే కింద వేసేవాణ్ణిగా. ఇలా పాటలో దూరిపోతారా?” నవ్వుతూనే ఉన్నాడు. జనానికి నచ్చిందట. ఎవడ్రా ఈ యేసురత్నం అని అడుగుతున్నారట.

ఫల్గుణ లోపలికి వెళ్ళి పొయ్యి దగ్గర పడుకున్నాడని జీపువాడు చెప్పాడు. ఆ జీపులో కూడా అదే రికార్డింగు. చివర్న నా గొంతు వినబడితే నాదిలా లేదు.

ఈ పొద్దున షాపు తలుపు తీసేసరికి ఈశ్వరమ్మ ఎదురుగా ఉంది. ఎప్పుడూ రోడ్డు మీంచే “యేసురత్నం బావూ” అని కేకేసే మనిషి ఏమీ పిలవలేదు. గుమ్మం బయట వంగి, ఆకుడొప్ప కింద పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుని, నా మొహం చూడకుండా జీపెక్కేసింది.

లోపల మిక్సర్ విప్పి పెట్టి ఉంది, పనుంది. ఎందుకో లోపలికి పోబుద్ధి కాలేదు. మెట్టు మీదే కూర్చున్నాను. అంబలి మీద మీగడలా పొర కట్టింది. నిన్నట్నించీ ఏమీ తినలేదు, ఆకలిగానే ఉంది.

ఇంకా తాగలేదు.