శేషారత్నం చెప్పాల్సిన మాట

నేను ఒక గొట్టం మైకును. మాట పట్టుకునేది లోపల ఉండే చిన్న మైకు, ఆ మాటను ఊరి మీదికి ఊదేది నేను. ఊళ్ళోవాళ్ళకు ఆ తేడా పట్టదు, ఇద్దరినీ మైకనే అంటారు. విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకోవడం తప్ప నాకు వేరే చదువు లేదు.

బెజవాడలో ఒక ఇరుకు సందులో అల్యూమినియం రేకును తిప్పి తిప్పి, ఉమ్మెత్త పువ్వులా సాగదీసి, బూడిద రంగు పూసి నన్ను చేశారు. మొదట మైకుసెట్ల మస్తాను కొన్నాడు. పెళ్ళిళ్ళకు, నాటకాలకు, ఓట్లకు అద్దెకు తిప్పేవాడు. ఓట్లప్పుడు పొద్దున ఒక పార్టీ ఆటోకి, సాయంత్రం ఇంకో పార్టీ ఆటోకి కట్టేవాడు. ఇద్దరూ గెలుస్తారని నేను ఒకే గొంతుతో అరిచేదాన్ని. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. మనుషులకు అది అలవాటే కదా.

మస్తాను కొత్త సెట్టు కొన్నాక నేను పల్నాడులోని ఒక ఊరి మందిరానికి వచ్చాను. ఆ ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. రెండేళ్ళ పిడికిళ్ళు కలిస్తే నేనయ్యాను. ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం పోగుచేసింది రాహేలమ్మ. మొగుడు పోయిన మనిషి, మిరపచేల కూలికి పోయేది, అక్షరం ముక్క రాదు. అయినా చెవితో విన్న బైబిలు వాక్యాలు ఆమె నోట్లో ఎన్ని ఉండేవో లెక్కలేదు. నన్ను మందిరం పైన స్తంభానికి బిగిస్తుంటే కింద నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆదివారం ఊరికి నేనంటే సరదా. పాటలకు కాదు, ప్రసంగానికి అసలే కాదు, ప్రార్థన అంశాలకు. ఒక్కొక్కరూ లేచి తమ కష్టం చెప్పి ప్రార్థించమని అడుగుతారు. ఫలానా ఆమె మోకాలు వాచింది, ఫలానావాడు పదో తరగతి మళ్ళీ తప్పాడు, ఫలానా అల్లుడు తాగుడు మానలేదు. లోపల అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అనేవాళ్ళు. బయట టీకొట్టు దగ్గర కళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. ఒకసారి ఎవరి గేదె ఈనిందో మందిరం మెట్టు ఎక్కని పెద్దాయన ఒకాయన నా నోట విని చెప్పాడు, ఆ ఇంట్లోవాళ్ళకంటే ముందు. ఆ భాగం రాగానే నన్ను ఆపేయాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

రాహేలమ్మ పక్క సాలులో మిరపకాయలు కోసే పిల్ల శేషారత్నం. ట్రాక్టరు తోలే కోటిలింగం భార్య. రాహేలమ్మను వరస కలిపి అత్తా అనేది. వాళ్ళది మందిరానికి రాని ఇల్లు. కూలి నుంచి వస్తూ ఇద్దరూ మందిరం మెట్ల మీద కాసేపు కూర్చునేవాళ్ళు. అలుపు తీర్చుకుంటున్నారని అందరూ అనుకునేవాళ్ళు. పైన నేను వింటూనే ఉన్నాను. రాహేలమ్మ ఒక వాక్యం చెప్పేది, శేషారత్నం దాన్ని నాలుగుసార్లు అనుకునేది. మరునాడు అప్పజెప్పేది. మూడేళ్ళు ఇలాగే సాగింది. అంతకుముందు ఇంట్లో మొగుడి తల్లి ఒకటంటే తాను రెండనే పిల్ల, మెల్లగా ఒకటి కూడా అనడం మానేసింది.

"నోరు మెత్తబడిందేందే ఈ మధ్య" అని మొగుడు నవ్వుతూ అడిగాడట. చెప్పబోయి ఆగిపోయానని రాహేలమ్మతో అంది.

తొందరపడవద్దని రాహేలమ్మే చెప్పింది. ముందు నీ బతుకును చూడనివ్వు, మళ్ళీ అడుగుతాడు, అడిగినప్పుడు నీ నోటితో నువ్వే చెప్పు అంది. కోతలు అయ్యాక చెప్తానని శేషారత్నం అంది. అప్పటిదాకా ఎవరితోనూ అనవద్దని రాహేలమ్మ చేత చేతిలో చెయ్యి వేయించుకుంది.

ఆ మాఘమాసంలో ఒక ఆదివారం వేరే తాలూకా నుంచి ఒక దైవజనుడు వచ్చాడు. ఈ ఏడాది ఎవరెవరు ఎంతమందికి సువార్త చెప్పారో లేచి చెప్పమన్నాడు. ఒకాయన వంద కరపత్రాలు పంచానన్నాడు. ఒకామె బస్సులో అందరికీ చెప్పానంది, ఆ బస్సులో సగంమంది నిద్రలో ఉన్నారని మాత్రం చెప్పలేదు. రాహేలమ్మ లేవలేదు. ఆయన ఆమెవైపు తిరిగి, పెద్దమ్మా, మీరేమీ ఫలించలేదా, ఒక్కరినైనా దేవుడివైపు తిప్పలేదా అని అడిగాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. ఆమె గుండెలో ఏం కదిలిందో తెలియదు. గర్వమని తర్వాత తానే అంది.

లేచి మైకు దగ్గరికి వచ్చింది.

"ఒక్కతే అయ్యగారూ. మూడేళ్ళకి ఒక్కతే. మన కోటిలింగం భార్య శేషారత్నం. ఇంట్లో ఇంకా తెలవదు, ప్రార్థన చేయండి."

ఇంట్లో ఇంకా తెలియదన్న మాటను ఊరంతటికీ నా నోటితోనే చెప్పాను.

టీకొట్టు బల్ల మీద కోటిలింగం ఉన్నాడు. చేతిలో గ్లాసు నిండుగా ఉంది. దాన్ని ఒలకకుండా బల్ల మీద పెట్టి ఇంటికి నడిచాడు. ఆ రోజు టీకొట్టులో ఎవరూ నవ్వలేదు.

మరునాడు శేషారత్నం మెట్ల దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు.

"ఆయన కొట్టలేదత్తా. తిట్టనన్నా తిట్టలేదు. ఊరందరికీ చెప్పుకున్నావు, నాకు చెప్పలేకపోయావా అన్నాడు. అంతే."

"నా తప్పే తల్లీ. నేనొచ్చి ఆయన కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకుని ఏం చెప్తావు? ఎట్టా చెప్పాలో మూడు నెలల నుంచి అనుకుంటన్నా. యాడ మొదలుపెట్టాలో కూడా అనుకున్నా. ఆ మాట నాది అత్తా. నువ్వు చెప్పేశావు."

రాహేలమ్మ చేతులు జోడించింది. ఆ పిల్ల ఆ చేతుల్ని పట్టుకుని కిందికి దించి వెళ్ళిపోయింది.

కోతలు కాకముందే కోటిలింగం వేరే జిల్లాలో పని చూసుకున్నాడు. ట్రక్కు మీద మంచం, బిందెలు, కోళ్ళ గంప పెట్టుకుని నా కిందుగానే వెళ్ళారు. శేషారత్నం మందిరంవైపు చూడలేదు.

రాహేలమ్మ ఆ తర్వాత మైకు ముట్టలేదు. ఎవరైనా ప్రార్థన అంశం అడిగితే, ఒక మనిషి ఉంది, పేరు దేవుడికి తెలుసు అని కూర్చున్నచోటనే అనేది. ప్రార్థన అంశాల వేళ నన్ను ఆపేయాలని పెద్దలతో పోట్లాడి ఒప్పించింది. టీకొట్టువాళ్ళు కొన్నాళ్ళు విసుక్కున్నారు.

ఏడాది తిరిగాక బస్సెక్కి వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళింది. తిరిగి వచ్చి పాస్టరుగారి భార్యతో మెట్ల మీదనే చెప్పుకుంది. కోటిలింగం మర్యాదగా మంచం వాల్చాడట, మంచినీళ్ళు ఇప్పించాడట, ఆ సంగతి మాత్రం ఎత్తమాక అన్నాడట. శేషారత్నం కోడికూర వండి పెట్టి, బస్సు దాకా వచ్చింది. దారిపొడుగునా మిరప ధర, పిల్లోడి బడి, అన్నీ మాట్లాడింది. బస్సు కనబడ్డాక రాహేలమ్మ ఉండబట్టలేక అడిగింది, ప్రార్థన చేసుకుంటున్నావా తల్లీ అని.

"చేసుకుంటున్నానో లేదో, అది ఇంకెవరికీ చెప్పను అత్తా" అందట.

ఇది చెబుతూ రాహేలమ్మ ఏడవలేదు. పాస్టరుగారి భార్యే ఏడ్చింది. మరుసటి ఏడు రాహేలమ్మ పోయింది. ఆమెను సాగనంపుతూ మందిరంలో పాడిన పాటలు కూడా ఊరికి వినిపించాను. శేషారత్నం ఉన్న ఊరు చాలా దూరం.

ఇప్పుడు మందిరానికి కొత్త పెట్టె స్పీకర్లు వచ్చాయి. నేను నరసరావుపేట రోడ్డు మీద పాత సామాన్ల కొట్లో విరిగిన కుర్చీల మీద బోర్లా పడి ఉన్నాను. నా మూతి సొట్టపోయింది, జ్ఞాపకం మాత్రం చెడలేదు. పెళ్ళిమంత్రాలు, ఓట్ల అరుపులు, రాహేలమ్మను సాగనంపిన పాటలు, గేదె ఈనిన కబురు, అన్నీ ఉన్నాయి. అడిగితే ఒక్కటీ తప్పకుండా చెప్పగలను. ఆ పిల్ల కోతలు అయ్యాక ఇంట్లో కూర్చుని, మొగుడు ఒక్కడికే వినబడేట్టు, నెమ్మదిగా చెప్పాలనుకున్న ఆ మాట ఏమిటో, ఎక్కడ మొదలుపెట్టాలనుకుందో, అది ఒక్కటే నాకు తెలియదు.