దేవరాజులు బండ వేషం

తిరుపతిలో గాంధీ రోడ్డు వెనక సందులో పాత్రల అంగడి నడిపే దేవరాజులుకు తన మీద తనకు గొప్ప అభిప్రాయం ఉంది. తనంత ఓర్పు గల మనిషి ఆ చుట్టుపక్కల ఎక్కడా పుట్టలేదని ఆయన నమ్మకం. ఈ సంగతి ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవడం లోకం చేసుకున్న ఖర్మ. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఫోన్లో 'నిన్ను నువ్వు తెలుసుకో' అనే రకం ఉపన్యాసాలు వింటాడు. విన్నవి తన దగ్గర ఉంచుకోడు. 'నీకు పనికొస్తుంది' అని రాసి తమ్ముడికి పంపుతాడు, మరదలికి పంపుతాడు, కార్వేటినగరంలో ఉన్న మేనమామకు కూడా పంపుతాడు. తెలుసుకోవలసిన వాళ్లు వాళ్లే కదా మరి.

అలాంటి మనిషి ముందు తమ్ముడు మునిచంద్ర ఒక పొద్దున టిఫిన్ తింటూ, గంగజాతర అయిపోగానే పెళ్లాం రాజశ్రీతో అలిపిరి దగ్గర బాడుగింటికి మారిపోతున్నానని చెప్పాడు. అమ్మ భారతమ్మ తానూ వాళ్లతోనే పోతానంది. దేవరాజులు నోట్లో ఇడ్లీ నోట్లోనే ఉండిపోయింది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. భార్య రేవతి చెప్పేదేమో గానీ, ఆయన గొంతు విప్పగానే మిక్సీ వేయడం ఆమెకు ఎప్పటి నుంచో అలవాటు. అదంతా చట్నీ కోసమేనని ఆయన అనుకుంటాడు.

దేవరాజులుకు నిజంగానే భయం పట్టుకుంది. తమ్ముడంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణాన్ని ఇన్నేళ్లలో ఏ రూపంలో చూపించాడో మాత్రం అడగకండి. ఆలోచించి ఆలోచించి, తప్పంతా తన మంచితనానిదేనని తేల్చాడు. కడుపులో ఉన్నది బయటికి అనకుండా అణచుకుంటూ వచ్చాడు. అణచుకున్న మాటలు మనుషుల మధ్య గోడలు కడతాయని ఉపన్యాసంలో విన్నాడు. గోడ కూలాలంటే ఒక్కసారి అంతా కక్కేయాలి. అందుకు తిరుపతిలో ఒక రోజు కూడా ఉంది.

గంగజాతరలో బండ వేషం కట్టే రోజది. మొక్కుకున్నవాళ్లు ఒళ్లంతా కుంకుమ పూసుకుని, వేపమండలు పట్టుకుని, ఎదురైన వాళ్లను నోటికొచ్చినట్టు తిడతారు. తిట్లు తిన్నవాళ్లు నవ్వుతారు, దండం కూడా పెడతారు. ఎవరూ మనసులో పెట్టుకోరు.

ఆ పొద్దున దేవరాజులు అద్దం ముందు నిలబడి దిట్టంగా కుంకుమ పట్టించాడు. సందు మొదట్లో టీ కొట్టు చెంగయ్యను పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టాడు. చెంగయ్య పగలబడి నవ్వి, "బాగుండాది అన్నా, ఇంకొకటి తిట్టు" అన్నాడు. దేవరాజులు ఛాతీ పొంగింది. అదే ఊపులో ఇంట్లోకి వచ్చాడు. అందరూ కూర్చుని అంబలి తాగుతున్నారు.

"ఒరే మునిచంద్రా, సదువు సదివినావు గానీ నీ బుర్రలో పేడ తప్ప ఏముండాదిరా? అంగట్లో గల్లా ముందర కూచునేదానికి గూడా పనికిరావు."

మునిచంద్ర తల ఊపి గ్లాసు ఎత్తాడు.

"ఏమమ్మా రాజశ్రీ, మీ పుట్టింటోళ్లు నీకు వంట నేర్పి పంపలేదు..."

"నోరు మాత్రం నేర్పి పంపినారు" అని రాజశ్రీ మిగతా సగం తానే పూర్తిచేసింది. కోపంగా కాదు, బస్సులో కండక్టరు రాబోయే ఊరి పేరు చెప్పినట్టు.

దేవరాజులు గొంతు పెంచాడు. "కన్నకొడుకును ఇడిసి పొయ్యేదానివి, నువ్వూ ఒక తల్లివేనా?" అన్నాడు అమ్మతో. వంటింట్లో మిక్సీ మొదలైంది.

భారతమ్మ కొడుకును కిందికీ పైకీ చూసింది. "వేషం బాగా కట్టినావు నాయనా. తిట్టేది ఎప్పుడు మొదలుబెడతావు?"

"ఇంతసేపూ తిడతా ఉండేది ఏంది మరి?"

"ఇదా? ఇది నువ్వు రోజూ మాట్లాడేదే కదా. తల్లివేనా అనేది ఉగాదినాడు గూడా అన్నావు. బండోడు వచ్చినాడు, ఏమన్నా కొత్తగా అంటాడేమోనని సూస్తా ఉండా."

ఆమె వెటకారం చేయడం లేదు. నిజంగానే ఎదురుచూస్తోంది. దేవరాజులు కొత్త తిట్టు కోసం బుర్రంతా గాలించాడు. ఏది తీసినా ఈ ఇంట్లో వాడిందే. ఏడాదికి ఒక్కరోజు తిట్టించుకునే చెంగయ్య నవ్వగలడు. రోజూ తినేవాళ్లకు నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ లెక్క ఇప్పుడిప్పుడే ఆయన తలకెక్కుతోంది.

చివరికి ఎన్నడూ అనని మాట ఒకటి దొరికింది.

"పోవద్దురా మునీ. నువ్వు పోతే నాకెవురూ లేరు."

ఇల్లంతా గొల్లున నవ్వింది. రాజశ్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భారతమ్మ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వి, "ఇదీ వేషమంటే" అని కొడుక్కి దండం పెట్టింది. రేవతి మిక్సీ ఆపి వచ్చి, ఏమన్నాడని అడిగింది.

మునిచంద్ర ఒక్కడే నవ్వలేదు. "మొగం కడుక్కోనొచ్చి సెప్పన్నా" అన్నాడు.

దేవరాజులు పెరట్లో కొళాయి కింద తల పెట్టాడు. కుంకుమంతా కారిపోయేదాకా రుద్దుకుని, అనవలసిన మాటను బడిపిల్లాడిలా వల్లెవేసుకుంటూ వచ్చాడు. గుమ్మం దాటి, కళ్లల్లోకి నీళ్లు కారుతుంటే చెయ్యి చాచాడు.

"ఈ కొంపలో ఒక తువ్వాలకు గూడా దిక్కులేదు. తిని పండుకునేదానికే ఉండారు అందురూ" అన్నాడు.

ఆ గొంతు ఆయన చెవిన పడింది. ఎవడో పరాయివాడు ఇంట్లోకి చొరబడి అరిచినట్టుంది. ఛీ, ఎంత రోత గొంతు అనుకున్నాడు. ఆ తర్వాత అది ఎవరిదో గుర్తుపట్టాడు.

మునిచంద్ర తన భుజం మీది తువ్వాలు తీసి అందించాడు. దేవరాజులు దానితో అవసరానికి మించి మొహం తుడుచుకున్నాడు. పోవద్దని అడగడానికి సిగ్గేసింది. సిగ్గనేది ఆయనకు కొత్త, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మీ ఇనప బీరువా శానా బరువు. ఇల్లు మారేనాడు ఎత్తేదానికి నేనొస్తా" అన్నాడు చివరికి.

దాని వెనకే, నీ చేతుల్లో సత్తువ యాడుందిరా అనే మాట నాలుక కొసదాకా వచ్చింది. దేవరాజులు దాన్ని మింగాడు. జన్మంతా మింగుతూనే బతికానని చెప్పుకున్న మహానుభావుడికి ఒక్క మాట మింగేసరికి గొంతు నొప్పి పుట్టింది.

మునిచంద్ర కాసేపు తన అన్న నోటివైపే చూశాడు. ఇంకేమీ రాలేదు.

"రాన్నా" అన్నాడు.